సవరణ: గ్రిన్యార్ ప్రయోగంలో బ్రోమోబెంజీన్ కొలత

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త విక్టర్ గ్రిన్యార్ గురించి, ఆయన పేరుతో ఉన్న చర్యతో ట్రైఫినైల్‌మెథనాల్ అనే తెల్లని ఘనపదార్థం తయారీ గురించి తిరుపతి ఎమ్మెస్సీ విద్యార్థుల కోసం ఇంతకుముందు రాసిన దాంట్లో తప్పులు దొర్లాయి.

పెద్ద తప్పు కొలతది. 2.4 గ్రాముల మెగ్నీషియానికి బ్రోమోబెంజీన్ 15.7 మి.లీ. అని రాశాం. అది 15.7 గ్రాములు, అంటే 0.1 మోల్. సాంద్రత మి.లీ.కి దాదాపు 1.5 గ్రాములు కాబట్టి కొలవాల్సింది 10.5 మి.లీ. మాత్రమే. రాసినట్టే పోసినవాళ్లకి ఒకటిన్నర రెట్లు పడి ఉంటుంది. మిగిలిపోయిన బ్రోమోబెంజీన్, మెగ్నీషియంతో అప్పటికే తయారైన గ్రిన్యార్ కారకంతో కలిసి బైఫినైల్ అనే మలినం అవుతుంది. ఉత్పత్తి తన ద్రవీభవన స్థానమైన 162 డిగ్రీల దాకా ఆగకుండా ముందే జావలా మెత్తబడుతోందా? మొదటి అనుమానం దీని మీదే. చల్లని పెట్రోలియం ఈథర్‌తో కడగండి; బైఫినైల్ కరిగి పోతుంది, తెల్లని ట్రైఫినైల్‌మెథనాల్ ఫిల్టర్ కాగితం మీద నిలుస్తుంది.

కండెన్సర్‌కి కుళాయి నీళ్లు చాలనడమూ తప్పే. ఈ చర్యకి ద్రావణిగా వాడే ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర. మే నెలలో మన మేడమీది ట్యాంకు నీళ్లు అంతకన్నా వేడి! ఆవిరి చల్లబడక బయటికొస్తుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఐసు వేసిన బకెట్లోంచి చిన్న పంపుతో నీళ్లు తిప్పండి. పైన కాల్షియం క్లోరైడ్ గొట్టం తప్పనిసరి, తేమ దిగితే గ్రిన్యార్ కారకం కాస్తా బెంజీన్ అయిపోతుంది.

ఇక చరిత్ర: ఈ చర్యను గ్రిన్యార్ 1900లో ప్రకటించింది లియోన్‌లో, తన గురువు బార్బియే దగ్గర ఉండగా, నాన్సీలో కాదు. నాన్సీలో ప్రొఫెసర్ అయింది 1910లో. 1912 నోబెల్ కూడా ఒక్కడికే రాలేదు, పాల్ సబాత్యేతో పంచుకున్నాడు.