అరకిలో కాజూ కత్లీ

మా ఐదో అంతస్తు సారు ఇందాక లిఫ్టులో ఆపి మరీ అరకిలో కాజూ కత్లీ డబ్బా చేతిలో పెట్టారు. పాపకి సంబంధం కుదిరిందా సార్ అంటే, "లేదమ్మా, పీఆర్‌పీ పడింది" అన్నారు.

పీఆర్‌పీ అంటే పెర్ఫార్మెన్స్ రిలేటెడ్ పే. ప్రభుత్వ రంగ సంస్థల్లో ఆఫీసర్లకి రేటింగు చూసి ఇచ్చే బోనస్‌కి పెట్టుకున్న ముద్దుపేరు. కిందివాళ్ళు అడిగితే బోనస్, పైవాళ్ళు తీసుకుంటే పెర్ఫార్మెన్స్! ఆఫీసు పేరు రాయను. పొద్దున లేస్తే మళ్ళీ ఆ లిఫ్టే ఎక్కాలి.

మా వాచ్‌మన్ భార్య అదే ఆఫీసులో ఊడుస్తుంది, ఏజెన్సీ కింద. పొదుపు అంటూ ఆరుగురిలో ఇద్దర్ని మానిపించారని మొన్నే చెప్పింది. మధ్యాహ్నం టీ కూడా బంద్ అట. టీ! ఆ ఆరు గ్లాసులు ఆపితే ఖజానా నిండుతుందని ఏ మహానుభావుడికి తట్టిందో గానీ, ఆయనకి ఎంత రేటింగ్ ఇచ్చారో తెలుసుకోవాలనుంది.

కేంద్రంలో చిన్న ఉద్యోగికి దసరా ముందు వచ్చే అడ్‌హాక్ బోనస్ ఎంతనుకున్నారు? 6,908 రూపాయలు. జీతం ఎంతున్నా 7,000 అనుకుని, నెలకి 30.4 రోజులని వేసుకుని, 30 రోజులకి లెక్క కడతారు. ఏళ్ళుగా ఆ 7,000 అక్కడే కూర్చుంది. గ్యాస్ బండ కూర్చుందా? ఐఏఎస్‌లకి ఆ బోనస్ కూడా లేదు కదా అని ఎవరో వచ్చి కామెంట్ పెడతారు. అవును, లేదు. బంగ్లా, కారు, డ్రైవరు ఉన్నవాళ్ళకి 6,908 రాలేదని నాకూ రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

అసలు నా మంట ఈ డబ్బా మీద కాదు, 2020 మీద. మార్చి నెలాఖరు, లాక్‌డౌన్. మన తెలంగాణలో జీతాల కోతలు ప్రకటించారు. మంత్రులు, ఎమ్మెల్యేలకి 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకి 60, మామూలు ఉద్యోగులకి 50. సరే, కష్టకాలం, అందరూ మోయాలి. కానీ అదే కాగితంలో పెన్షనర్లకి కూడా 50! నాన్న రిటైర్డ్ టీచరు. 33 ఏళ్ళు సుద్దముక్కలు అరగదీసిన మనిషి. బ్యాంకు మెసేజ్ చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇందులో ఒక అంకె తగ్గిందేమో చూడమ్మా" అని ఫోన్ నా చేతికిచ్చారు. అంకె తగ్గలేదు నాన్నా, సగం తగ్గింది. ఆ నెల అమ్మ మందుల చీటీలో సగమే కొన్నాం.

ఎమ్మెల్యేలకి 75 పోయింది కదా అంటారా? 2016లోనే జీతభత్యాలు నెలకి రెండున్నర లక్షలు చేసుకున్నారు. అందులో మూడొంతులు కోసినా 62,500 మిగులుతుంది. నాన్న పూర్తి పెన్షన్ ఎన్నడూ అంత లేదు. కోసింది తర్వాత వాయిదాల్లో తిరిగిచ్చారు, కాదనను. మందుల షాపువాడు మాకు వాయిదాల్లో ఇచ్చాడా?

ఇదంతా నేను టైపు చేస్తుంటే నాన్న డబ్బా విప్పేశారు. షుగరుంది నాన్నా అంటే, "ప్రేమగా ఇచ్చాడు కదమ్మా, మంచోడు" అంటూ మూడోది నోట్లో వేసుకున్నారు. లాక్కుని, మిగిలినవి వాచ్‌మన్ వాళ్ళ పిల్లలకి ఇద్దామని కిందికి వెళ్ళాను. వాళ్ళింట్లోనూ అదే షాపు డబ్బా ఉంది.

పావుకిలోది.