మూడో కాంటూరుకు కుదిస్తే కొల్లేటి లంకల కష్టాలు తీరవు

"కొల్లేరు అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడుకు కుదిస్తే పేదలకు భూమి వస్తుంది, ముంపు తగ్గుతుంది, పక్షులకూ చోటు మిగులుతుంది." ఏళ్లుగా తిరుగుతున్న మాట ఇది.

"తగ్గేది రెండడుగులే కదా" అంటారు. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత; ఇక్కడ ఆ ఎత్తు అడుగుల్లో. కొల్లేరు పళ్లెంలా పల్చన. +5 అడుగుల దగ్గర 308 చదరపు కిలోమీటర్లున్న సరస్సు +3 దగ్గర 135కి పడిపోతుంది. పోయేది దాదాపు 42,700 ఎకరాలు.

ముంపు తగ్గుతుందన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. సగటు విస్తీర్ణంతో లెక్కేస్తే ఆ రెండడుగుల్లో పట్టే నీరు సుమారు 4.8 టీఎంసీలు. అక్కడ చేపల చెరువుల గట్లు లేస్తే ఆ నీటిలో కొంత భాగానికి చోటుండదు, అదెక్కడికి పోవాలి? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా మురుగు కాలువలు అన్నీ వచ్చి పడేది ఇందులోనే. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే: సుమారు 60 కిలోమీటర్ల పొడవు, వాలు బాగా తక్కువ. సముద్రం పోటు మీదుంటే నీరు లాగదు. గుర్రపుడెక్క వంతెనల కింద అడ్డం పడితే ఇంకా నెమ్మదిస్తుంది. గట్ల మధ్య ఎగదన్నిన వరద ముందు లంక ఊళ్ల రోడ్లెక్కుతుంది, తర్వాత పైనున్న వరిచేలలోకి పోతుంది.

ఇక పేదలకు భూమి. 1970లలో మత్స్యకార సొసైటీలకిచ్చిన చెరువులు చాలావరకు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతికి పోయాయి. తవ్వకం, చేపపిల్లలు, మేత, కరెంటు ఖర్చు వలేసుకుని బతికే కుటుంబం భరించలేదు. లీజు డబ్బు ఎంతో కొంత వస్తుంది గానీ మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టుకునే నీరు పోతుంది. అభయారణ్యంలో చేపలవేటే నిషేధమన్న ప్రచారమూ తప్పు. అభయారణ్యాన్ని ప్రకటించిన 1999 నాటి ఉత్తర్వు సంప్రదాయ చేపలవేటను ఆపలేదు.

పక్షుల సంగతి: కొల్లేటి దగ్గరి ఆటపాకలో కనిపించే గూడబాతులు సైబీరియావి కావు, దక్షిణాసియాలో గూళ్లు కట్టే జాతి. వాటితోపాటుండే ఎర్రకాళ్ల కొంగ నీళ్లలో నిలబడి ముక్కుతో తడుముతూ చేపలు పడుతుంది. దానికి కావలసింది లోతు తక్కువ నీరు. కుదిస్తే ముందు పోయేది ఆ నీరే.

ఐదో కాంటూరు లోపల జిరాయితీ (సొంత భూమి) పట్టాలున్న రైతుల బాధ మాత్రం నిజం. దానికి మందు సర్వే చేసి హద్దురాళ్లు నాటడం, భూమి తీసుకుంటే పరిహారం చెల్లించడం. సరస్సును కుదించవద్దని కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా చెప్పింది.