జామకు మేకులు కొట్టమనేవారికి

పెరటి జామ మీద ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. కొమ్మలు కత్తిరిస్తే కాపు పోతుందట. కాయని చెట్టుకు కాండంలో ఇనుప మేకులు దిగ్గొట్టాలట. ఒంటి చెట్టు కాయదట, జంటగా నాటాలట. పండులో పురుగు పూతలోనే పుడుతుందట, అందుకని పూత మీదే మందు కొట్టాలట. నాలుగింటిలో ఒక్కటీ నిలబడదు.

జామ పూసేది కొత్త చిగురు మీద. ఒక కొమ్మ వంచి చూడండి, లేత రెమ్మలో ఆకు కాడ మొదట్లోనే మొగ్గ ఉంటుంది. కాపు అయిపోయాక కొమ్మల చివరలు కత్తిరిస్తే పక్కల నుంచి చిగుళ్లు వేసి పూత పెరుగుతుంది. కత్తెర పడని చెట్టు పైపైకి పోయి, చేతికందని చోట పక్షుల కోసం కాస్తుంది.

మేకు తుప్పు చెట్టుకు ఎరువు కాదు. ఆ గాయంలోంచి తెగుళ్లు మాత్రం లోపలికి పోతాయి. మేకు కొట్టాక పూసిందంటారా? అదను వస్తే కొట్టకపోయినా పూసేదే. చెట్టు కాయకపోతే ముందు దాని మీద ఎండ పడుతోందో లేదో చూడండి. గింజ మొక్కయితే కాపుకు నాలుగైదేళ్లు పట్టవచ్చు. అంటు మొక్క రెండు మూడేళ్లకే అందుకుంటుంది.

జంట మాట బొప్పాయి నుంచి అరువు తెచ్చుకున్నట్టుంది. జామలో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి.

ఇక పురుగు. ఇది పూతలో పుట్టేది కాదు, పండు ఈగ పిల్ల. రంగు తిరుగుతున్న కాయను వెలుతురులో తిప్పి చూస్తే సూదితో పొడిచినంత చుక్క కనిపిస్తుంది, దాని చుట్టూ వేలికి మెత్తగా తగులుతుంది. ఈగ గుడ్లు పెట్టిన చోటు అదే. కోస్తే లోపల తెల్లని పురుగులు, కొన్ని వంకర తిరిగి గెంతుతాయి కూడా. పూత మీద కొట్టిన మందుతో ఈ ఈగకేమీ కాదు, చచ్చేది పరాగం మోసే తేనెటీగలు. కాయ నిమ్మకాయంత కాకముందే కాగితపు సంచి తొడిగితే ఈగకు చోటు దొరకదు. రాలిన పండ్లను చెట్టు కింద వదలకండి. పురుగు వాటిలోంచి మట్టిలోకి దిగి, అక్కడే ప్యూపాగా మారి, మళ్లీ ఈగై లేస్తుంది. ఎరువు గుంటలో వేసినా అంతే. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూటకట్టి కొన్ని రోజులు ఎండలో పడేయండి.