బరువు దుప్పటి కింద బిడ్డ కదలకపోతే అది మంచి నిద్రేనా?

గాజుపూసలు నింపి కుట్టిన వెయిటెడ్ బ్లాంకెట్లు ఆన్‌లైన్లో తెప్పించి, నిద్ర పడుతుందని ఆటిజం ఉన్న పిల్లలకు, ఏడీహెచ్‌డీ (ఒకచోట నిలకడగా ఉండలేని సమస్య) ఉన్న పిల్లలకు కప్పడం మన నెల్లూరు, ఒంగోలు ఇళ్లలోకీ వచ్చేసింది. నా మాట సూటిగా చెబుతాను. రాత్రి నిద్రలో పిల్లలకు ఇది కప్పొద్దు. పగటిపూట, థెరపిస్టు చూసి సరేనన్నాక, పెద్దవాళ్లు పక్కనే కూర్చుని కాసేపు ఒళ్లో వేయడం వేరే సంగతి.

కావలిలో ఒక తల్లి నాతో ఎంతో సంతోషంగా చెప్పింది: "దీని కింద పడుకుంటే మావాడు అసలు కదలడం లేదు సార్." నన్ను భయపెట్టింది సరిగ్గా ఆ మాటే. నిద్రలో పిల్లలు కదలాలి. ముక్కుకు అడ్డం వస్తే తల తిప్పుకోవాలి, ఉక్కపోస్తే దుప్పటి తన్నేయాలి. ఆ పిల్లవాడి బరువు పదహారు కిలోలు, దుప్పటి మూడు కిలోలు. బరువులో పదో వంతుకు మించకూడదని అమ్మేవాళ్లే చెబుతారు. ఆ లెక్కన చూసినా ఇది దాదాపు రెట్టింపు. అసలు పదో వంతులో ఉన్నంత మాత్రాన భద్రమని నమ్మడానికీ లేదు. బిడ్డ ఒంట్లో సత్తువ ఎంత, చేతులు ఎంత ఆడుతున్నాయి, తనంతట తాను తోసేయగలడా అన్నవే అసలు ప్రశ్నలు. మాటలు రాని పిల్లవాడు "అమ్మా, తీసెయ్" అని ఎలా చెబుతాడు? ఫిట్స్ వచ్చే పిల్లలు, కండరాల పట్టు తక్కువున్న పిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు, నెమ్ము చేసినవాళ్లు దీని దరిదాపులకే వెళ్లకూడదు.

ఇది ఊరికే పుట్టిన భయం కాదు. 2008లో కెనడాలోని క్యూబెక్‌లో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబు ఇలాంటి దుప్పటి చుట్టిన స్థితిలో ఊపిరాడక చనిపోయాడు. అలా చుట్టింది బడిలోనే. 2022లో అమెరికాలోని నార్త్ కరోలినాలో నాలుగేళ్లు, ఆరేళ్ల పాపలిద్దరు దుప్పటి కవరు జిప్పు తీసి లోపలికి దూరి, బయటపడలేక ప్రాణాలు విడిచారు. టార్గెట్ సంస్థ అమ్మిన ఆ రకం దుప్పట్లు రెండు లక్షలకు పైగా వెనక్కి పిలిపించారు. పసిపిల్లలు పడుకున్నప్పుడు వాళ్ల మీదే కాదు, పక్కన కూడా బరువున్న బట్టలేవీ ఉండకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అదే ఏడాది తేల్చి చెప్పింది.

ఇక మన వాతావరణం. ఈ దుప్పట్లు చలిదేశాల పడగ్గదులకు సరిపోయేవి. రోహిణి కార్తెలో నెల్లూరులో రాత్రి పదకొండయినా గోడలు వేడి కక్కుతుంటాయి. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, పిల్లవాడి మెడ కింద తలగడ తడిసిపోతుంది. అలాంటి రాత్రి మూడు కిలోల బట్ట కప్పితే ఒంట్లో వేడి ఎటు పోతుంది?

పిల్లలు ప్రశాంతంగా ఉంటున్నారని చాలామంది తల్లిదండ్రులు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అయితే బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో బరువు దుప్పటి కప్పినా, మామూలు దుప్పటి కప్పినా నిద్రపోయిన సమయంలో తేడా రాలేదు. తల్లిదండ్రులకు, పిల్లలకు మాత్రం బరువుదే ఎక్కువ నచ్చింది. నచ్చడం వేరు, నిద్ర పట్టడం వేరు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే ఒక పని చేయండి. పగలు బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు ఛాతీ కింది నుంచి కప్పి, మీరు చెయ్యి వేయకుండా చూడండి. సులువుగా తీసేయలేకపోతే అది ఆ బిడ్డకు పనికిరాదు. తీసేయగలిగినా రాత్రికి వద్దు. తల మీదికి రానివ్వొద్దు, ఒంటికి చుట్టొద్దు. కవరు జిప్పును సూదీదారంతో కుట్టేయండి. కుట్లు ఊడి పూసలు రాలుతుంటే పారేయండి, అవి గొంతులో అడ్డం పడతాయి. మాట వినలేదని శిక్షగా కప్పడం మాత్రం ఘోరం.

ఇంతకీ తల్లులు ఈ దుప్పటి దాకా ఎందుకు వస్తున్నారు? అడగడానికి మనిషి లేక. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, దర్శి నుంచి ఒంగోలుకో బిడ్డను బస్సులో తీసుకెళ్లి, ఒక రోజు కూలి పోగొట్టుకుని వారం వారం థెరపీ చేయించడం ఎంతమంది వల్ల అవుతుంది? నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ పునరావాస కేంద్రం సీఆర్‌సీ ఉంది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. రోజువారీ పనులు చేసుకోవడం పిల్లలకు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు మాత్రం పల్లెవాళ్లకు దొరకడం గగనం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, సదరం సర్టిఫికెట్ ఇస్తున్నారు, పింఛను మాటా మాట్లాడుతున్నారు. బిడ్డకు నిద్ర ఎందుకు పట్టడం లేదో కూర్చుని చూసే మనిషిని మాత్రం ఇవ్వడం లేదు. భవిత కేంద్రానికి వారానికి ఒక్క రోజైనా ఆక్యుపేషనల్ థెరపిస్టును పంపమని మన రెండు జిల్లాల ఎమ్మెల్యేలు ప్రభుత్వాన్ని గట్టిగా అడగాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే అడగాలి.