ఆరు వందల డాలర్ల నమ్మకం

మదుపు సలహాదారులు ఈ జాతికి చేస్తున్న ద్రోహం ఇంతా అంతా కాదు. బంగారమంటారు, చీటీ అంటారు, ఊరవతల ప్లాటంటారు. పందెపు గుర్రం ఊసు మాత్రం ఎత్తరు. ఆ లోటు పూడ్చే బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

కెంటకీ డెర్బీ అనే గుర్రప్పందేన్నే తీసుకోండి. అమెరికాలోని లూయీవిల్‌లో, చర్చిల్ డౌన్స్ మైదానంలో, ఏటా మే మొదటి శనివారం జరుగుతుంది. మైలుంపావు దూరం, రెండు నిమిషాల పని. మూడేళ్ల గుర్రాలకే ప్రవేశం కనుక జన్మకు ఒక్కటే అవకాశం. జనవరిలో 600 డాలర్లు కట్టి పేరు రాయించాలి. కొసరుగా మరో రెండు పెద్ద పందేలకూ పేరు పడుతుంది. జనవరిలో బుద్ధి పుట్టకపోతే మార్చిలో 6,000. మన గుర్రం గొప్పతనం మనకు అప్పటికీ తెలియక, ఏప్రిల్‌లో తెల్లారితే 2,00,000. గుర్రం అదే, కాళ్లూ ఆ నాలుగే. యజమాని ఆలస్యంగా నమ్మినందుకు అపరాధ రుసుం! కరెంటు బిల్లు గడువు దాటితే గగ్గోలు పెట్టేవాళ్లు గమనించాలి.

ఇదంతా పేరు రాయించడానికే. డెర్బీకి ముందు జరిగే పందేల్లో పాయింట్లు సంపాదించి 20 గుర్రాల్లో చోటు దక్కించుకుంటే ఎంట్రీకి 25,000, పరుగుకు మరో 25,000. విస్తరికో లెక్క, వడ్డనకో లెక్క వేసే పెళ్లి కేటరింగ్ వాళ్లు ఇక్కడ శిష్యరికం చేసుండాలి. 2024 నుంచి బహుమతి మొత్తం 50 లక్షల డాలర్లు. అది మొదటి ఐదింటికే. ఆరోది మొదలు ఇరవయ్యోదాకా అందరూ సమానులే. గెలిచినదానికి 31 లక్షలు. అందులో రౌతుకు పదో వంతు, శిక్షకుడికి పదో వంతు. 'రౌతు కొద్దీ గుర్రం' అన్న పెద్దలు కమీషన్ సంగతి దాచిపెట్టారు.

దాణా, నాడాలు, పశువైద్యుడు, ఇన్సూరెన్సు ఏడాది పొడవునా ఉండేవే. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు కదా.

ఎంపికలో మాత్రం నిపుణుల మాట వినాలి. 2006లో ఫ్లోరిడా వేలంలో గ్రీన్ మంకీ అనే రెండేళ్ల పిల్ల ఫర్లాంగు దూరం 9.8 సెకన్లలో దాటింది. నిపుణులు కోటీ అరవై లక్షల డాలర్లకు పాడుకున్నారు. తర్వాత అది మూడు పందేలు పరుగెత్తి, ఒక్కటీ గెలవక, 10,440 డాలర్లు సంపాదించింది. ఆ లెక్కన ఇంకో నాలుగున్నర వేల పందేలు పరుగెత్తి ఉంటే అసలు వచ్చేసేది. తొందరపడి ఆపేశారు.

2022లో రిచ్ స్ట్రైక్ వచ్చి ఇంకా పెద్ద నష్టం చేసింది. 30,000 డాలర్లకు కొన్న గుర్రమది. ముందు రోజు వేరే గుర్రం తప్పుకుంటే చోటు దొరికింది. గెలిస్తే డాలరుకు 80 డాలర్లు ఇస్తామన్నంత ఆశ లేని గుర్రం డెర్బీ గెలిచేసింది. ఆ సాయంత్రం ఎందరు యజమానులు తమ దొడ్లో గడ్డి నములుతున్నదాన్ని కొత్త కళ్లతో చూశారో!

నాకు గుర్రం లేదు, అది వేరే సంగతి. జనవరికని 600 డాలర్లు మాత్రం విడిగా తీసి పెట్టాను.