గళ్ల చొక్కా, గ్రూప్ ఈ

ఆ చొక్కా గుడ్డ రాజమండ్రి తాడితోటలో కొన్నది. ఎరుపూ తెలుపూ గళ్లు, ఒక్కో గడి క్యారమ్స్ కాయంత. "ముదురు రంగైతే మాపు కనపడదు" అని మా అమ్మ లాజిక్. సగం తెల్ల గళ్లే ఉన్న చొక్కాలో మాపు ఎలా కనపడదో నేను అడగలేదు. లండన్ వెళ్లే కొడుకు అమ్మని అలాంటివి అడగకూడదు. అడిగితే సూట్‌కేసులో ఆవకాయ తగ్గుతుంది.

2007 నవంబర్ 21, బుధవారం. నేను లండన్ వచ్చి ఇరవై రోజులు. ఈస్ట్ హామ్‌లో ఆరుగురం తెలుగువాళ్లం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆ వారమంతా వానే, ఉతికినవి ఒక్కటీ ఆరలేదు. పొడిగా మిగిలింది ఆ గళ్ల చొక్కా ఒక్కటే. వేసుకుని, పైన జాకెట్ బిగించి ఆఫీసుకి వెళ్లొచ్చాను. సాయంత్రం గుంటూరన్న (ఇంట్లో అందరికన్నా సీనియర్, పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు) తలుపు తట్టాడు.

"తమ్ముడూ, ఇయ్యాల ఫుట్‌బాల్ మ్యాచ్ పబ్బులో చూద్దాం పా. వెంబ్లీలో క్రొయేషియాతో. ఇంగ్లండుకి డ్రా అయితే చాలంట, మంచి గోలగా ఉంటది."

దారిలో లెక్కంతా చెప్పాడు. 2008 యూరో కప్పుకి అర్హత పోటీలు. గ్రూప్ ఈలో ఏడు జట్లు, ఒక్కోటి పన్నెండు మ్యాచ్‌లు, పైనున్న ఇద్దరికే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ప్రయాణం. ఇంగ్లండ్ ఈ గ్రూపుని మా డిగ్రీ కాలేజీ చివరి బెంచీ వాడిలా చదివింది. సొంతగడ్డ మీద మాసిడోనియాతో ఒక్క గోలూ లేకుండా డ్రా. మాస్కోలో 2-1తో ఓటమి. ఇక క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. గ్యారీ నెవిల్ బంతిని తన గోల్‌కీపర్ రాబిన్సన్‌కే మెల్లగా వెనక్కిచ్చాడు. అది తీరా కాలి దగ్గరికొచ్చాక చిన్న ఎగురు ఎగిరింది. రాబిన్సన్ తన్ను గాలికి తగిలింది. బంతి మాత్రం, దారి తెలిసిన గేదెలా, తిన్నగా గోల్లోకి వెళ్లిపోయింది.

ఇక సప్లిమెంటరీయే గతి అనుకుంటుంటే, నాలుగు రోజుల కిందట ఇజ్రాయెల్ ఆఖరి క్షణాల్లో గోలు కొట్టి రష్యాని 2-1తో ఓడించింది. చదవకపోయినా పేపరు ఈజీగా వచ్చినట్టయింది ఇంగ్లండ్‌కి. క్రొయేషియా అప్పటికే పాస్. ఇంగ్లండ్ 23 పాయింట్లు, రష్యా 21. ఇవాళ డ్రా చాలు. పోనీ ఓడినా, అటు ఆండోరా రష్యాని గెలవనివ్వకపోతే చాలు.

"ఆండోరా ఎలా ఆడుతుంది అన్నా?"

"పదకొండు ఆడారు. పదకొండూ ఓడారు."

నాకు కడుపులో తిప్పింది. ఈ లెక్క నాకు కొత్త కాదు. అదే ఏడాది మార్చిలో మనవాళ్లు క్రికెట్ వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడిపోయి, బంగ్లాదేశ్‌ని బెర్ముడా ఓడించాలని ఎదురుచూశాం. బెర్ముడా ఏ దిక్కున ఉందో తెలియకుండానే మా పిన్ని నూటొక్క కొబ్బరికాయ మొక్కుకుంది. అంతటి అనుభవం ఉన్నవాడికి ఆండోరా గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

పబ్బులో ఇసకేస్తే రాలనంత జనం. తడిసిన కోట్ల నుంచి ఆవిర్లు లేస్తున్నాయి, ఇడ్లీ పాత్రలో నిలబడ్డట్టుంది. మా పక్కన ఒక భారీకాయుడు, ముంజేతి మీద ఇంగ్లండ్ జట్టు గుర్తయిన మూడు సింహాల పచ్చబొట్టు. ఆట మొదలై ఏడెనిమిది నిమిషాలైంది. ఉక్కకి తట్టుకోలేక జాకెట్ విప్పాను.

సరిగ్గా అప్పుడే క్రాంచార్ అనేవాడు ఎక్కడో దూరం నుంచి ఒకటి కొట్టాడు. ఆ రోజు రాబిన్సన్‌ని పక్కనపెట్టి కార్సన్ అనే కుర్రాడిని గోల్లో నిలబెట్టారు. బంతి తడి గడ్డి మీద అతని ముందు పడి, చేతికి తగిలి, లోపలికి పోయింది.

పబ్బంతా చప్పబడింది. తర్వాత ఒక్కొక్క తలా టీవీ మీంచి నా వైపు తిరిగింది. గోలు కొట్టింది నేనైనట్టు చూస్తున్నారు. అన్న నా చెవి దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, క్రొయేషియా జెండా ఎప్పుడన్నా చూశావా? మధ్యలో ఎర్ర తెల్ల గళ్లుంటయ్యి. వాళ్ల చొక్కా కూడా అదేరా నాయనా!"

సింహాలాయన వంగి, "ఏ ఊరు?" అన్నాడు.

"రాజమండ్రి అండి."

"జాగ్రెబ్‌కి ఎటువైపు?"

కంగారులో "గోదావరి ఒడ్డున" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. పాపం, యూరప్ నదులన్నీ ఒకసారి తలచుకున్నట్టున్నాడు. నేను గబగబా జాకెట్‌లో ఒక చెయ్యి దూర్చానో లేదో, ఓలిచ్ రెండో గోలు కొట్టాడు. పద్నాలుగో నిమిషం. రెండో చెయ్యి కూడా దూర్చి, జిప్పు గొంతు దాకా లాగి, ఆవకాయ జాడీకి గుడ్డ కట్టినట్టు కూర్చున్నాను. ఇంటర్వెల్లో ఆయన వచ్చి, "అది మళ్లీ తియ్యకు" అని మాత్రం చెప్పి వెళ్లాడు. మా బాబాయ్ సచిన్ ఆడుతున్నంతసేపూ ఎవర్నీ కుర్చీ మారనిచ్చేవాడు కాదు. ఈ జబ్బు మనకే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

జాకెట్ పనిచేసింది. 56వ నిమిషంలో లాంపార్డ్ పెనాల్టీ. 65వ నిమిషంలో బెక్‌హమ్ కుడివైపు నుంచి బంతి లేపితే, కొబ్బరిచెట్టంత క్రౌచ్ ఛాతీతో ఆపి లోపలికి కొట్టాడు. రెండు రెండు! డ్రా! సింహాలాయన నన్ను అమాంతం ఎత్తేశాడు. ఆ ఊపులో ఆయన గ్లాసులోని బీరు నా కాలర్‌లోంచి దిగి, వెన్ను మీదుగా నడుముదాకా చల్లగా ప్రయాణించింది. నేను తాగింది మాత్రం ఆరెంజ్ జ్యూసే.

"అయ్యో సారీ, సారీ" అంటూ ఆయనే నా జిప్పు లాగాడు. వద్దండి, వద్దండి అంటున్నా వినలేదు. జాకెట్ ఊడదీసి, హీటర్ మీద ఆరేద్దామని అటు తిరిగాడు.

77వ నిమిషం. పెట్రిచ్. బాక్స్ బయట నుంచి ఎడమకాలితో.

ఈసారి అందరూ నా చొక్కానీ, ఆయన చేతిలోని నా జాకెట్‌నీ మార్చి మార్చి చూశారు. ఆయన దాన్ని మెల్లగా నా ఒళ్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కకి తప్పుకున్నాడు. 3-2. "ఆండోరా ఏం చేసింది?" అని ఎవరో అడిగారు. పన్నెండోదీ ఓడింది, 1-0. రష్యా 24, ఇంగ్లండ్ 23. టీవీలో కోచ్ మెక్‌లారెన్ పెద్ద గొడుగు కింద నిలబడి కనిపించాడు, పందిట్లో భోజనాలు అయిపోయాయని తెలిసిన పెళ్లిపెద్దలా. మర్నాడు పొద్దున్నే ఆయన ఉద్యోగం పోయింది. పేపర్లు మూడు గోల్స్ కన్నా ఆ గొడుగునే ఎక్కువ తిట్టాయి.

బయట కుండపోత. అన్న చంకలో గొడుగుంది.

"తెరువు అన్నా."

"ఇప్పుడా? గొడుగుతో కనపడితే తంతార్రా ఈళ్లు."

ఇద్దరం తడుస్తూ నడిచాం. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే తాడితోట ఎరుపంతా తెల్ల గళ్లలోకి దిగిపోయింది. గళ్లు లేవు, క్రొయేషియా లేదు. మెడ నుంచి నడుము దాకా ఒకటే పీచు మిఠాయి రంగు.

ఆదివారం అమ్మ ఫోన్.

"ఆ గళ్ల చొక్కా వేసుకుంటున్నావా నాన్నా?"

"రంగు దిగిపోయిందమ్మా."

"అయ్యో! ఏం పర్లేదులే, అదే తానులోది ఇంకో రెండు మీటర్లు ఉంచాను. కుట్టించి పంపిస్తా."