దడిగారి తరఫున వకాల్తా

బ్రిటన్ పెరళ్లలో ముప్పై అడుగుల ఎత్తుకు ఎదిగి, పక్కింటి మధ్యాహ్నాలను మింగేస్తోందన్న అభియోగం మీద బోనెక్కిన లేలాండీ అనే చెట్ల దడి తరఫున ఈ వకాల్తా దాఖలు చేస్తున్నాను. బోను చాలలేదు. పైకప్పు తీయించవలసి వచ్చింది.

ముందుగా ముద్దాయి పుట్టుపూర్వోత్తరాలు. తల్లిదండ్రులు ఉత్తర అమెరికా పశ్చిమ తీరానికి చెందిన సైప్రస్ చెట్లు. ఒకటి కాలిఫోర్నియాలోని మాంటెరీది, రెండోది అంతకు ఎంతో ఉత్తరాన, కెనడాలో ఉన్న నూట్కాది. అడవిలో వాటి మానాన వదిలేస్తే జన్మలో ఎదురుపడేవి కావు. వేల్స్‌లోని లెయిటన్ హాల్ తోటలో ఆ రెండింటినీ ఇరుగుపొరుగు చేసిన ఘనులు మనుషులే. 1888లో అక్కడే సంకరం జరిగింది. పిల్లకు లేలాండ్ అనే భూస్వామి పేరు పెట్టారు. పైగా ఈ చెట్టు గింజతో దాదాపు మొలవదు, కొమ్మ ముక్క నాటి వేరు పట్టించాలి. అంటే నా కక్షిదారు ఎవరి పెరట్లోకీ పిలవని పేరంటానికి వచ్చింది కాదు. ప్రతి చెట్టు వెనుకా దాన్ని చేతులారా నాటిన మహానుభావుడు ఒకడున్నాడు.

ఆయన కోరిందేమిటి? తొందరగా పెరగాలి, ఏడాది పొడవునా పచ్చగా ఉండాలి, అవతలివాడి ముఖం కనబడకూడదు. మూడూ నెరవేరాయి. ఏటా సుమారు మీటరు చొప్పున, ఆదివారాలు సైతం మానకుండా పెరిగింది. మొక్కై వంగనిది మానై వంగదంటారు. మొక్కగా ఉన్నప్పుడు వంగడానికి నా కక్షిదారు సిద్ధంగానే ఉంది. వంచవలసినవాడే ‘వచ్చే ఏడు చూద్దాం’ అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ వచ్చే ఏడు వచ్చింది. యజమాని రంపం పట్టుకుని పక్కలు చెక్కాడు. ఇక్కడ కోర్టువారు ఒక్క శరీరధర్మాన్ని గమనించాలి. లేలాండీకి పచ్చదనమంతా పైపొరలోనే ఉంటుంది. లోపల ఎండు పుల్లలు, గోధుమరంగు చీకటి. ఆ పుల్లల దాకా కోస్తే మళ్లీ చిగురించదు. యూ అనే మరో సతతహరిత చెట్టయితే మోడు నుంచి కూడా చిగురు తొడుగుతుంది గాని, దాని ఓపిక అందరికీ ఉండాలంటే ఎలా? తలను తగ్గించవచ్చు, పక్కలను పచ్చదనం దాటకుండా సవరించవచ్చు. యజమాని దాటాడు. ఇప్పుడు పొరుగువారికి అటువైపు పచ్చని గోడ, ఆయనకు ఇటువైపు కొబ్బరి పీచు గోడ. దీన్ని శిక్ష అనను, న్యాయం అంటాను.

చట్టం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లకు 2003లో చేసిన చట్టం ప్రకారం సతతహరిత చెట్లో పొదలో కనీసం రెండు వరుసగా ఉండి, 2 మీటర్లు దాటి, వెలుతురుకో రాకపోకలకో అడ్డుపడితేనే అది ‘ఎత్తైన దడి’. ఒంటరి చెట్టు ఆకాశాన్ని తాకినా నిర్దోషి. స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసేముందు పొరుగువారితో మాట్లాడి చూడాలి. మాట్లాడటం ఇష్టం లేకనే కదా దడి వేసింది! కౌన్సిల్ సైతం 2 మీటర్ల కంటే కిందికి కోయమని గాని, పెరికివేయమని గాని ఆదేశించజాలదు. వేళ్లు తోటలోని నీరంతా తాగేసినా ఈ చట్టానికి పట్టదు. కంచే చేను మేయడం మనకు సామెత, అక్కడ మినహాయింపు.

ఈ గొడవంతా సాగుతుండగా యజమానికి హఠాత్తుగా పక్షుల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. నిండు గూళ్లను చెరపడం 1981 చట్టం ప్రకారం నేరం, నిజమే. ఆ చట్టం ఆయనకు వేసవిలోనే గుర్తొస్తుందెందుకో, చలికాలమంతా మరుపెందుకో పక్షులే చెప్పాలి.

చివరికి మొదలంటా నరికించారనుకుందాం. మొద్దు తవ్వించే ఖర్చు కూడా అనవసరం, నా కక్షిదారు మొద్దు నుంచి తిరిగి మొలవదు. అంతటి మర్యాదస్థురాలు. ఎన్నో ఏళ్ల తర్వాత రెండు ఇళ్ల మధ్య ఎండ పడుతుంది. ఫిర్యాదుదారు కిటికీ తెరుస్తాడు. ఎదురుగా యజమాని, లుంగీలా చుట్టిన తువ్వాలుతో, పళ్లు తోముకుంటూ. వారం తిరగకుండా రెండు కిటికీలకూ మందపాటి తెరలు దిగుతాయి.